బంతి తగిలిన పాప, బంతి విసిరిన పాప



మాది వెంకటమ్మనహళ్లి. తుమకూరు జిల్లా, పావగడ తాలూకా. రాష్ట్రం కర్ణాటకే గాని మా ఇళ్లల్లో మాట తెలుగు. తాలూకాకు మూడు పక్కలా ఆంధ్ర నేలే. మా పిల్లలు బడిలో కన్నడంలో పాఠం చదువుకుని, గంట కొట్టగానే తెలుగులో కేకలేసుకుంటూ బయలుకు పరుగెత్తుతారు. 2005 ఫిబ్రవరిలో ఇక్కడి పోలీసు శిబిరం మీద నక్సలైట్లు దాడి చేసినప్పుడు మా ఊరి పేరు దేశమంతా పేపర్లకెక్కింది. ఇప్పటికీ పొరుగూళ్లల్లో మాది ఫలానా ఊరని చెబితే పెద్దవాళ్లు ఆ రాత్రినే తలుచుకుంటారు. ఈరోజు నేను అదే ఊళ్లోని బయలు గురించి, సాయంత్రం పూట అక్కడ ఆడే ఆడపిల్లల గురించి, వాళ్ల చేతిలో ఉండే పసుపుపచ్చని బంతి గురించి మాట్లాడతాను.

ఆ బంతి పేరు సాఫ్ట్‌బాల్. పేరు విన్నవాళ్లు మెత్తని బంతి అనుకుంటారు. పుట్టినప్పుడు మెత్తనిదే. 1887లో షికాగోలో, ఫారగట్ బోట్ క్లబ్ అనే చోట నాలుగు గోడల మధ్య కొందరు కుర్రవాళ్లు బాక్సింగ్ గ్లవ్‌ను తాడుతో ఉండలా కట్టి, చీపురు కర్రతో కొట్టి ఆడారు. జార్జ్ హాన్‌కాక్ అనే ఆయన దానికి నియమాలు రాశాడు. ఇప్పటి బంతి అది కాదు. పన్నెండు అంగుళాల చుట్టుకొలత, లోపల గట్టి గుండు, పైన తోలో తోలులాంటి పొరో వేసి బిగించిన కుట్టు. బరువు 178 నుంచి 198 గ్రాములు. మగవాళ్లు ఆడే క్రికెట్ బంతి 163 గ్రాములు దాటదు. అంటే పన్నెండు, పదమూడేళ్ల పాప చేతిలో పెట్టే బంతి టెస్ట్ మ్యాచ్ బంతి కంటే బరువైనది. పదేళ్లలోపు పిల్లలకు మాత్రం పదకొండు అంగుళాల చిన్న బంతి ఉంది. అదీ గట్టిదే.

నేను ముప్పై ఏళ్లు పీటీ మేష్టరుగా పనిచేసి ఊరు చేరుకున్నవాణ్ణి. కబడ్డీ, ఖోఖో, త్రోబాల్ నేర్పిన చేతితోనే సెలవుల్లో మా ఊరి ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టాను. మాకు పక్కనున్న అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ వాళ్లు పల్లె పిల్లలకు ఈ ఆట నేర్పుతున్నారు. ఆడపిల్లలు మోచేతులకు మన్ను అంటించుకుని, బేస్ మీదికి జారుతూ పోవడం అక్కడే చూశాను. మా పిల్లలెందుకు ఆడకూడదనిపించింది.

ఒకనాటి సాయంత్రం జరిగింది చెబుతాను. ఏడో తరగతి పాప బంతి వేస్తోంది. చెయ్యి గుండ్రంగా తిప్పి, తొడ పక్కనుంచి వదలడం అప్పుడప్పుడే పట్టుబడుతోంది. వేగం వచ్చింది, గురి రాలేదు. మొదటి బంతి బ్యాటు పట్టుకున్న పాప తొడకు తగిలింది. నేనే అంపైర్‌ని. "ఫస్ట్ బేస్‌కి పో" అన్నాను. ఆ పాప కుంటుకుంటూ పోయింది. ఇంకో పాప వచ్చింది. రెండు బంతులు బాగానే పడ్డాయి. మూడోది మోచేతికి తగిలింది. ఎముకకు తగిలిన చప్పుడు పిట్టగోడ మీద కూర్చున్నవాళ్లకు కూడా వినిపించింది. బంతి వేస్తున్న పాప అరచేతిని లంగాకు రెండు మూడుసార్లు తుడుచుకుంది. "పర్వాలేదమ్మా, వెయ్యి" అన్నాను. మూడో పాపకు చంక కింద, పక్కటెముకల మీద తగిలింది.

అప్పుడు ఏడ్చింది తగిలిన పాప కాదు. బంతి వేసిన పాప ఉన్నచోటే కూలబడి, "నేను వెయ్యను సార్, నా చేతిలోంచి పోతాంటే వాళ్లకే తగులుతాంది" అని వెక్కివెక్కి ఏడ్చింది.

మోచెయ్యి వాచిన పాప మర్నాడు ఉప్పు కాపడం పెట్టుకుని బయలుకు వచ్చింది. బంతి వేసిన పాప నాలుగు రోజులు రాలేదు. నేనే వాళ్లింటికి పోయాను. వాళ్లమ్మ కల్లంలో శనక్కాయలు వలుస్తా, "రాత్రి నిద్రలో కూడా తగిలిందా, తగిలిందా అంటాంది సార్" అనింది. ఆ మాట విన్నాక నాకు అర్థమయింది. ఆ రోజు మూడో పాపకు తగలకముందే ఆపాల్సింది నేను. తొమ్మిది మంది ఆడుతున్న చోట పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇక నియమం దగ్గరికి వస్తాను. బంతి వేసే పాపను పిచ్చర్ అంటారు, కొట్టే పాపను బ్యాటర్. పిచ్చర్ వేసిన బంతి బ్యాటర్‌కు తగిలితే ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది. దాన్ని డెడ్ బాల్ అంటారు. బ్యాటర్‌కు ఫస్ట్ బేస్, అంటే పరుగులో చేరాల్సిన మొదటి చోటు, ఊరికే వస్తుంది. ఆ బేస్ మీద ముందే ఎవరైనా ఉంటే వాళ్లు ఒక బేస్ ముందుకు జరుగుతారు. చోటిచ్చే అవసరం లేనివాళ్లు ఉన్నచోటే ఉండాలి. బంతి నేలకు తగిలి లేచి వచ్చి తగిలినా ఇదే లెక్క. బ్యాటు ఊపినాక తగిలితే మాత్రం బేస్ రాదు, అది స్ట్రైక్, బ్యాటర్ ఖాతాలో ఒక తప్పు. కొట్టదగిన మేరలోకి, అంటే స్ట్రైక్ జోన్‌లోకి వస్తున్న బంతికి ఒళ్లు అడ్డం పెట్టినా అంతే. ఇంకొకటి మా పిల్లలకు పదేపదే చెప్పాల్సి వస్తుంది. బ్యాటు పట్టుకున్న చెయ్యి బ్యాటులో భాగం కాదు, ఒంట్లో భాగం. వేళ్లకు తగిలితే బంతి బ్యాటుకు తగిలినట్టు కాదు.

ఇదంతా బాగానే ఉంది. అయితే ఈ నియమం దెబ్బ తగిలినాక ఏం చెయ్యాలో చెబుతుంది, దెబ్బ తగలకుండా ఏం చెయ్యాలో చెప్పదు. పెద్దవాళ్ల ఆటలో ఆ బేస్ చాలు. పిచ్చర్ ఎక్కడ వెయ్యాలో అక్కడే వేయగలదు, గురి తప్పితే జట్టుకు నష్టం కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని వేస్తుంది. పదేళ్ల పాప సంగతి వేరు. ఊరికే ఒక బేస్ ఇస్తే ఆమెకు గురి కుదరదు. ఆమెకు తెలియంది నష్టం కాదు, బంతిని ఎప్పుడు వదలాలో.

అందుకే అమెరికాలో చాలా ఊళ్లలో, పిల్లల లీగులు నడిపేవాళ్లు తమ చిన్న పుస్తకంలో ఒక లెక్క రాసుకున్నారు. ఒక పిచ్చర్ ఒక ఇన్నింగ్స్‌లో ఇద్దరికో, ఆట మొత్తం మీద ముగ్గురికో బంతి తగిలిస్తే, ఆ రోజుకు ఇక బంతి వెయ్యకూడదు. అంకెలు లీగును బట్టి మారతాయి. అంతర్జాతీయ నియమాల పుస్తకంలో ఈ లెక్క లేదు. అది పెద్దవాళ్ల కోసం రాసిన పుస్తకం. పిల్లల లెక్క రాసింది వారాంతంలో తమ పిల్లలను మైదానానికి తీసుకుపోయే అమ్మానాన్నలే. మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఇప్పుడు ఆ మైదానాల గట్ల మీద కూర్చుంటున్నాయి.

ఈ లెక్క మనకేమీ కొత్త కాదు. క్రికెట్ చూసే ప్రతి కుర్రవాడికీ తెలిసిందే. నడుం కంటే ఎత్తులో ఫుల్‌టాస్ పడితే నోబాల్. అది ప్రమాదకరంగా ఉందని అంపైర్ అనుకుంటే బౌలర్‌కు ఒకేఒక్క హెచ్చరిక. మళ్లీ అలాంటిదే వేస్తే ఆ ఇన్నింగ్స్‌లో ఇక బౌలింగ్ చెయ్యకూడదు. క్రికెట్ చట్టంలో నలభై ఒకటో భాగం ఇది. అదే భాగంలో షార్ట్ బంతుల గురించి రాసినచోట ఒక మంచి మాట ఉంది. బంతి ప్రమాదకరమా కాదా అని తేల్చేటప్పుడు బ్యాటర్‌కు ఉన్న నేర్పును కూడా అంపైర్ చూడాలట. నాకు ఆ మాట చాలా నచ్చుతుంది. ఒకే బంతి విరాట్ కోహ్లీకి బౌండరీ, మా ఊరి ఆరో తరగతి పాపకు దెబ్బ. ఎదురుగా నిలబడింది ఎవరో చూడకుండా బంతి ఎలాంటిదో చెప్పలేము.

ఎదురుగా నిలబడిన పిల్లకు ఎంత సమయం ఉంటుందో చూడండి. పదేళ్లలోపు పిల్లలకు పిచ్చర్ నిలబడే చోటికీ బ్యాటర్ పక్కనుండే హోమ్ ప్లేట్‌కూ 35 అడుగుల దూరం. మన కొలతలో పదిన్నర మీటర్ల పైచిలుకు. బంతి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తే, అంటే పావగడ నుంచి హిందూపురం పోయే బస్సు ఖాళీ రోడ్డు మీద పోయినట్టు వస్తే, ఆ దూరం దాటడానికి అర సెకను మీద కాస్త పడుతుంది. అందులోనే చూడాలి, ఇది నా మీదికే వస్తోందని గ్రహించాలి, కాలు కదపాలి. పన్నెండేళ్ల పిల్లలకు 40 అడుగులు, పెద్ద ఆడవాళ్లకు 43. పెద్దవాళ్ల వేగం వంద కిలోమీటర్లు దాటుతుంది. వాళ్లకు మిగిలేది అర సెకను కంటే తక్కువే. కానీ వాళ్లు అప్పటికి లక్ష బంతులు చూసి ఉంటారు.

ఆ దూరం కొలవడానికి నా దగ్గర టేపు ఉండేది, తెగిపోయింది. ఇప్పుడు పాత చేంతాడు ఒకటి పెట్టుకున్నాను. 35 అడుగుల దగ్గర ఒక ముడి, 40 దగ్గర ఇంకో ముడి, 43 దగ్గర ఇంకోటి. ఆట మొదలయ్యే ముందు ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టుకుని లాగుతారు, మూడో పాప ముడి దగ్గర సున్నంతో గీత గీస్తుంది. కంటి అంచనాతో గీస్తే ఎప్పుడూ రెండడుగులు తక్కువే గీస్తాము. నేను చాలాసార్లు కొలిచి చూశాను. రెండడుగులే కదా అనుకోవద్దు, ఆ పాపకు ఉన్న అర సెకనులోంచే అది తరిగిపోతుంది.

రెండు తగిలితే పిచ్చర్‌ను మార్చే నా లెక్కకు ఎదురు చెప్పేవాళ్లున్నారు. తోటి పీటీ మేష్టర్లే అంటారు, "రెండు తగలగానే ఆపేస్తే ఆ పిల్ల పిచ్చర్ ఎట్లా అవుతుందప్పా, వేస్తేనే కదా వచ్చేది" అని. ఆ మాటలో నిజం ఉంది. 2008లో బీజింగ్‌లోనూ, 2021లో టోక్యోలోనూ జపాన్‌కు ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన పిచ్చర్ యుకికో ఉఎనో కూడా చిన్నప్పుడు గురి తప్పకుండా ఉండి ఉండదు. అయితే గురి కుదిరేది మ్యాచ్‌లో కాదు. గోడ మీద బొగ్గుతో గీసిన చదరం ముందు కుదురుతుంది, బంతి పట్టే క్యాచర్ ఒక్కతే కూర్చుని ఉన్నప్పుడు, ఎదురుగా ఎవరూ లేనప్పుడు కుదురుతుంది. తోటి పిల్ల ఒంటి మీద గురి నేర్పకూడదు.

ఆపడం అంటే ఆట నుంచి వెళ్లగొట్టడం కాదు. మా బయల్లో రెండు తగలగానే ఆ పాపను ఫస్ట్ బేస్ దగ్గరికో, లెఫ్ట్ ఫీల్డ్‌కో పంపిస్తాను. తన వంతు వస్తే బ్యాటింగ్ చేస్తుంది. మర్నాడు మళ్లీ బంతి ఆమె చేతికే ఇస్తాను, ముందుగా ఆమెకే ఇస్తాను. ఇది శిక్ష అని ఎవరూ అనుకోకుండా ఆట మొదలు కాకముందే అందరికీ చెబుతాను. ముందే చెప్పిన లెక్క అయితే ఎవరికీ అవమానం ఉండదు. దెబ్బ తగిలినాక అప్పటికప్పుడు "నువ్వు తప్పుకో" అంటే, పదిమందిలో ఆ పిల్ల తల ఎత్తుకోలేదు. లెక్క ముందుగా ఉండడంలోనే దయ ఉంది. నేలకు తగిలి లేచిన బంతిని మాత్రం నేను ఆ లెక్కలో వెయ్యను. మా నేల నిండా గులకరాళ్లు. రాయికి తగిలి బంతి ఎటు లేస్తుందో ఆ పాపకేం తెలుసు. బేస్ ఇస్తాను, లెక్కలో వేసుకోను.

కావాలని కొట్టడం వేరే సంగతి. అది లెక్కతో తేల్చేది కాదు. అంపైర్‌కు ఆ నమ్మకం కలిగితే ఆ క్షణమే బయటికి పంపాలి. ఇన్నేళ్లలో పిల్లలు కావాలని కొట్టడం నేను చూడలేదు. పిల్లలకు కొట్టమని, ఒళ్లు అడ్డం పెట్టమని చెప్పే పెద్దలను మాత్రం చూశాను. "బంతి దగ్గరగా వస్తే తప్పుకోవద్దు, భుజానికి తగిలించుకో, బేస్ వస్తుంది" అని చెప్పే కోచ్ ఒకాయన నాకు ఎదురయ్యాడు. పిల్ల ఎముకను పెట్టుబడిగా పెట్టి పరుగు సంపాదించమనడం అది. దానికి నేను వేరే పేరు పెట్టను, అది తప్పు. నియమాలు కూడా కావాలని తగిలించుకున్నవాళ్లకు బేస్ ఇవ్వవు.

తప్పించుకోవడం నేర్పాలి. ఇదెవరూ నేర్పరు, పిల్లలే నేర్చుకుంటారులే అనుకుంటారు. బంతి మీదికి వస్తోందంటే పిల్లలు సహజంగా వెనక్కి వాలి, ఛాతీ, ముఖం బంతికి ఎదురుగా పెడతారు. అది అన్నిటికంటే చెడ్డది. చెయ్యాల్సింది దానికి వ్యతిరేకం. పిచ్చర్ వైపు ఉన్న భుజాన్ని క్యాచర్ వైపుకు తిప్పేసి, గడ్డం ఛాతీకి ఆనించి, బ్యాటు కిందికి దించి, వీపు బంతికి ఇవ్వాలి. తగిలినా వీపు కండకు తగులుతుంది. పాత మేజోళ్లు చుట్టి ఉండలు చేసి, వాటితో రోజూ పది నిమిషాలు మా పిల్లలకు ఇది నేర్పుతాను. ఉండ తగిలినప్పుడు నవ్వుకుంటారు. నవ్వుతూ నేర్చుకున్నది భయం వేసిన క్షణంలో పనికొస్తుంది.

ఛాతీ మాట ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానంటే, దానికో కారణం ఉంది. ఏ జబ్బూ లేని పిల్లవాడికి కూడా, గుండె కొట్టుకునే లయలో ఒకానొక క్షణంలో, సెకనులో అతి చిన్న భాగం పాటు ఉండే ఆ క్షణంలో, సరిగ్గా గుండె మీద బంతి తగిలితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. డాక్టర్లు దీన్ని కమోషియో కార్డిస్ అంటారు. చాలా అరుదు. కానీ పిల్లల పక్కటెముకలు లేతవి కాబట్టి పెద్దలకంటే పిల్లల్లోనే ఎక్కువ. అట్లా కుప్పకూలిన పిల్లను నీళ్లు చల్లి కూర్చోబెట్టకూడదు. ఊపిరి లేకపోతే వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడిమధ్య అరచేయి ఆనించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. మా ఊరికి అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుందో మా ఊరివాళ్లకు తెలుసు. వచ్చేదాకా నొక్కేది మనమే. ప్రతి బడిలో పీటీ మేష్టరే కాదు, ఇంకో ఇద్దరు టీచర్లు కూడా ఇది చేత్తో చేసి నేర్చుకుని ఉండాలి.

ఇక హెల్మెట్. 1920 ఆగస్టు 16న న్యూయార్క్‌లో బేస్‌బాల్ ఆడుతూ రే చాప్‌మన్ అనే ఆటగాడు తలకు బంతి తగిలి పడిపోయాడు. మర్నాడు చనిపోయాడు. అప్పట్లో పిచ్చర్లు బంతికి మన్ను, ఉమ్మి పూసి నల్లగా చేసేవాళ్లు. సాయంత్రపు వెలుతురులో ఆ నల్లబంతి ఆయనకు సరిగా కనిపించలేదని అంటారు. ఆ తర్వాత మాసిన బంతిని అంపైర్ వెంటవెంటనే మార్చడం మొదలైంది. హెల్మెట్ తప్పనిసరి చెయ్యడానికి మాత్రం ఆయన ఆడిన పెద్ద లీగుకు 1971 దాకా పట్టింది. మన క్రికెట్‌లోనూ అంతే. నారీ కాంట్రాక్టర్‌కు 1962లో బార్బడోస్‌లో తల పగిలింది, బతికి బయటపడ్డాడు. రామన్ లాంబా 1998లో ఢాకాలో దగ్గరగా ఫీల్డింగ్ చేస్తూ తలకు తగిలి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ రోజు ఆయన తలకు హెల్మెట్ లేదు.

చాప్‌మన్ కథలో నాకు మా బయలు కనిపిస్తుంది. సాఫ్ట్‌బాల్‌ను నిమ్మపండు రంగులో చేసేది దూరం నుంచి కనిపించడానికే. మా ఎర్రమన్నులో పది నిమిషాలు దొర్లితే అది నేల రంగులోకి వస్తుంది. పొద్దు గుట్ట వెనక్కి వాలే వేళకు ఎర్రబంతి, ఎర్రనేల, ఎర్ర వెలుతురు. అందుకని క్యాచర్ నడుముకు ఒక తడిగుడ్డ కట్టిస్తున్నాను. ప్రతి బ్యాటర్ మారినప్పుడూ బంతి తుడిచి ఇస్తుంది. పసుపు రంగు కనిపించకపోతే ఆట ఆగాల్సిందే. దీనికి పైసా ఖర్చు లేదు.

హెల్మెట్‌కు మాత్రం ఖర్చుంది. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్లు కనీసం రెండైనా ఉండాలి, బ్యాటింగ్‌కు వచ్చే పాప ఒకటి, బేస్ మీద ఉన్న పాప ఒకటి పెట్టుకుంటారు. మా దగ్గర ఒకటే ఉంది. దాని పట్టీ తెగితే మా ఊరి చెప్పులు కుట్టే అతను డబ్బు తీసుకోకుండా కుట్టి ఇచ్చాడు. అది ఒక తల నుంచి ఇంకో తలకు మారేదాకా అందరూ ఆగుతారు. ఆట సాగదీతగా ఉంటుంది, ఉండనీ.

ఆ పాప సంగతి చెప్పాలి. నాలుగో రోజున నేను వాళ్లింటి నుంచి తిరిగి వస్తుంటే వెనకాలే వచ్చింది. బయల్లో ఎవరూ లేరు. గోడ మీద బొగ్గుతో చదరం గీశాను. 40 అడుగుల ముడి దగ్గర నిలబడి చీకటి పడేదాకా వేసింది. మొదటి ఇరవై బంతుల్లో చదరంలో పడ్డవి మూడు. మేము లెక్క పెట్టాము. పది రోజులయ్యాక ఇరవైలో పదకొండు పడ్డాయి. అప్పుడు బ్యాటు పట్టుకుని ఎదురుగా నిలబడ్డది ఎవరో తెలుసా, మోచెయ్యి వాచిన పాపే. తనే అడిగి నిలబడింది.

వింటున్న పీటీ మేష్టర్లకు, టీచరమ్మలకు, ఊరి యువక సంఘాల వాళ్లకు ఒక మాట. ఆట మొదలుపెట్టే ముందు రెండు జట్ల పెద్దలు నిలబడి, ఎన్ని తగిలితే పిచ్చర్‌ను మార్చాలో పిల్లల ముందే చెప్పండి. గీత తాడుతో కొలిచి గీయండి. వింటున్న అమ్మానాన్నలకు ఇంకో మాట. మీ ఇంట్లో అటక మీద పాత క్రికెట్ హెల్మెట్, జాలీ ఉన్నది, పగుళ్లు లేనిది ఏదైనా పడి ఉంటే, దుమ్ము తుడిచి రేపు పొద్దున్నే మీ ఊరి బడిలో ఇచ్చి రండి.